మహేంద్రగిరి మీద చీమల కోసం ఏడు రోజులు

మొదటి రోజు: పాతపట్నం – పర్లాకిమిడి

చీమల్ని భద్రపరిచే స్పిరిట్‌ను రైలెక్కనివ్వరు. మండే ద్రవాలు బోగీలోకి తేవడం నేరం. అందుకే నౌపడా నుంచి గుణుపూరు పోయే రైలు పర్లాకిమిడిలో ఆగుతున్నా, చీమల సామాను మోసుకెళ్ళేవాళ్ళకు టెక్కలి, పాతపట్నం మీదుగా జీపే దిక్కు. పాతపట్నం దాటితే ఒడిశా. బోర్డుల మీద ఒడియా కనిపిస్తుంది గానీ బజారులో బేరం తెలుగులోనే సాగుతుంది. సవర భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు బడిపంతులుగా పనిచేసిన ఊరు ఈ పర్లాకిమిడి.

ఈ రోజు కాగితాలకూ సామానుకూ సరిపోతుంది. కొత్త జాతి చీమల కోసం ఎక్కబోయే మహేంద్రగిరి కొండను 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడ చీమను పట్టాలన్నా అటవీ శాఖ అనుమతి చేతిలో ఉండాలి. ఆ కాగితంలో ఎన్ని నమూనాలు, ఏ పద్ధతిలో, ఏ తేదీల మధ్య, చివరికి ఏ సంస్థలో భద్రపరుస్తారు అన్నవి రాయించుకోవడం మంచిది. లేకపోతే రేపు కొత్త జాతి తేలినా ప్రచురణ దగ్గర బండి ఆగిపోతుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జీవిని కనుగొంటే నిర్దేశిత భాండాగారానికి తెలియజేసి, సాక్ష్య నమూనాను అక్కడ అప్పగించాలి. జంతుజాలానికి అలాంటి భాండాగారం భారత జంతు సర్వేక్షణ సంస్థ.

స్పిరిట్ రెండు రకాలు కావాలి. డీఎన్ఏ కోసం 95 శాతం పైబడినది, మిగతా పనికి 70 నుంచి 75 శాతంది. చిక్కటి స్పిరిట్‌లో చీమ బిగుసుకుపోయి, అతికించేటప్పుడు కాలు పుటుక్కున విరుగుతుంది. పలచనిదాంట్లో డీఎన్ఏ పాడవుతుంది. ఒకే గూటి చీమల్ని రెండు సీసాల్లో పంచితే ఆ గొడవ ఉండదు. మందుల షాపులో దొరికే చేతులు కడుక్కునే జెల్ మాత్రం వద్దు. అది ఆరి చీమ ఒంటి మీద పొరకడుతుంది, ఆ పొర కింద వెంట్రుకలు లెక్కపెట్టలేం.

చీటీ సీసా లోపల ఉండాలి, పెన్సిల్‌తో రాసి ఉండాలి. బాల్‌పెన్ను రాత స్పిరిట్‌లో కరిగిపోతుంది. లేజర్ ప్రింటు అక్షరాలు పొట్టులా ఊడిపోతాయి. చీటీ లేని చీమ ఎంత వింతదైనా వర్గీకరణకు పనికిరాదు.

సాయంత్రం బస చేసిన లాడ్జి గోడే మొదటి పాఠం. తల నల్లగా, ఒళ్ళు పాలిపోయి ఉండే టపినోమా మెలనోసెఫాలమ్, పొడుగు కాళ్ళతో పిచ్చెక్కినట్టు అటూ ఇటూ పరిగెత్తే పారాట్రెకినా లాంజికార్నిస్, పెరట్లో కుట్టే ఎర్రచీమ సొలెనాప్సిస్ జెమినాటా. ఇవన్నీ మనుషుల వెంట దేశాలు తిరిగిన చీమలు. వీటిని చూడగానే పోల్చగలిగితే కొండ మీద సగం పొరపాట్లు తగ్గుతాయి. లాడ్జి పెద్దాయన మాత్రం, "ఏటి బాబూ, చీమల కోసం ఇంత దూరమొచ్చారా, మా వంటింట్లో లేవా?" అన్నాడు. ఆయన మాటలో తప్పేం లేదు.

రెండో రోజు: గండాహతి

గండాహతి జలపాతం దారిలో చెట్ల చీమలు చూడాలి. మామిడి, జీడి మామిడి కొమ్మల్లో ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమను ఈకోఫిల్లా స్మరాగ్డినా అంటారు. కీటక శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ 1775లో పెట్టిన పేరు. పనిచీమలు ఆకు అంచుల్ని దగ్గరకు లాగి పట్టుకుంటే, తోటి చీమలు పిల్లపురుగుల్ని నోట కరచుకుని అటూ ఇటూ తిప్పుతాయి. పురుగు నోటి నుంచి వచ్చే పట్టుదారమే కుట్టు. ఒడిశాలోనే ఉత్తరాన మయూర్‌భంజ్ వాళ్ళు దీనితో చేసే కై చట్నీకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఈ గూళ్ళ దగ్గర తిరిగే ప్రతి ఎర్రచీమా చీమ కాదు. మిర్మాప్లాటా ప్లాటలియోయిడెస్ అనే సాలీడు అచ్చం ఈ చీమలాగే ఉంటుంది, ముందు కాళ్ళు ఎత్తి మీసాల్లా ఆడిస్తుంది. కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిదొస్తే సాలీడు. అదిలించినప్పుడు దారం వదిలి వేలాడినా సాలీడే.

ఎండుకొమ్మ బొరియల్లోంచి వచ్చే నలుపు, ఎరుపు కలిసిన సన్నటి పొడుగు చీమ టెట్రాపొనేరా రూఫోనైగ్రా. ఇది కుడితే రోజంతా గుర్తుంటుంది. ఎలర్జీ ఉన్నవాళ్ళు మాత్రలు దగ్గర పెట్టుకుని, దగ్గరి ఆసుపత్రి ఎక్కడో ముందే కనుక్కోవాలి. దీనికి పేరు పెట్టినవాడు థామస్ జెర్డాన్, 1851లో. ఆయన సైన్యంలో డాక్టరు. 1836లో ఇండియాకు వచ్చాక మొదట వేసింది ఈ గంజాం ప్రాంతంలోనే, జ్వరాలతో పడివున్న సిపాయిలకు వైద్యం చేయడానికి. దక్షిణ భారత చీమల జాబితా ఒకటి మద్రాసు పత్రికలో అచ్చువేశాడు. వర్ణనలు ఒక్కోటి నాలుగైదు వరుసలే. అతను చూసి రాసిన అసలు చీమలు ఇవాళ ఎక్కడా కనపడవు. ఈ కొండల్లో దొరికినదాన్ని కొత్తది అనాలంటే ముందు ఆ నాలుగు వరుసల్ని దాటాలి. పేరుంది, రూపురేఖలున్నాయి, పోల్చి చూసుకోవడానికి వస్తువే లేదు. తూర్పు కనుమల చీమలతో పనిచేసేవాళ్ళకు పెద్ద తలనొప్పి ఇదే.

పట్టడానికి మెత్తని చిమటా (చిన్న పట్టకారు), నోటితో పీల్చే గొట్టం, తెల్ల ట్రే, గొడుగు చాలు. గొడుగు తిరగేసి పట్టి కొమ్మను కర్రతో కొడితే చీమలు అందులో రాలతాయి. గొట్టంతో ఒక జాగ్రత్త ఉంది. గండుచీమలు (కాంపొనోటస్), ఈకోఫిల్లా లాంటివి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. పది చీమల్ని వరసగా పీలిస్తే ఆవిరి గొంతులోకి పోయి దగ్గు ఆగదు. పెద్దవాటిని చిమటాతోనే తీయాలి. గొట్టం లోపలి వైపు సన్నని జాలీ లేకపోతే చీమ కూడా గొంతులోకే.

మూడో రోజు: కొయిన్‌పూర్ నుంచి కొండమీదికి

మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు. కొయిన్‌పూర్ మీదుగా ఎక్కుతుంటే కింద ఆకు రాల్చే అడవి, పైకి పోయే కొద్దీ తేమ, శిఖరం దగ్గర గడ్డి. భీమ, కుంతి, యుధిష్ఠిరుల గుళ్ళున్న చోట రాయి కదపకూడదు, గొయ్యి తీయకూడదు. యాత్రికుల కాలిబాటకు బాగా ఎడంగా అడవి లోపల 200 మీటర్ల గీత కొలుచుకోవాలి.

నేల చీమల కోసం ప్రపంచమంతా వాడే పద్ధతి ఒకటుంది. ఆ గీత మీద పది మీటర్లకొకటి చొప్పున 20 చోట్ల, ఒక్కో చదరపు మీటరు లోపలి ఆకుచెత్తనంతా గోకి, సెంటీమీటరు కన్నుల జల్లెడలో జాడించాలి. కింద పడ్డ సన్న పొడిని గుడ్డ సంచిలో కట్టాలి. చేతులు వేగంగా ఆడాలి. తీరిగ్గా చెత్త ఎత్తేవాడికి దొరికేది చెత్తే, చీమలు అప్పటికే అంచు దాటిపోతాయి. కుళ్ళిన పుల్లల్ని కత్తితో చీల్చి అవీ జల్లెడలో వెయ్యాలి. పొద్దున్నే మొదలుపెట్టకూడదు. అక్టోబర్ చివర ఇక్కడ మంచు దట్టంగా పడుతుంది, తడి ఆకు ముద్దకట్టి జల్లెడ దిగదు. పది దాటాక, ఆకు చేతిలో గలగలమన్నాక పని మొదలు.

ఆ పొడిని వింక్లర్ సంచిలో వేలాడదీస్తారు. పైన గుడ్డ సంచి, లోపల నాలుగు మిల్లీమీటర్ల కన్నుల వల తిత్తి, కింద స్పిరిట్ కప్పు. కరెంటు అక్కర్లేదు. పొడి ఎండే కొద్దీ లోపలి జీవాలు తడి వెతుక్కుంటూ తిత్తిలోంచి బయటికొచ్చి కప్పులో పడతాయి. గడువు 48 గంటలు. తిత్తిని వేలాడదీసి, రాలే మట్టి రాలిపోయాకే కప్పు బిగించాలి. ముందే బిగిస్తే కప్పు నిండా బురద, మిల్లీమీటరు చీమను అందులో ఏరడం నరకం. ఒక రోజు గడిచాక పొడి తీసి కలిపి మళ్ళీ వేస్తే ఇంకొన్ని దిగుతాయి. గాలి తగలని గదిలో కట్టాలి. కొండ కింది బసలో ఒక వాసానికి ఇరవై సంచులు కట్టాక నిద్రపోయే చోటు మిగలదు.

అదే గీత మీద నేలలో పాతే 20 గుంత కప్పులు కూడా. కప్పు అంచు నేలతో సమంగా ఉండాలి. ఒక మిల్లీమీటరు పైకున్నా చిన్న చీమ చుట్టూ తిరిగి పోతుంది. లోపల మూడోవంతు నీళ్ళు, చిటికెడు ఉప్పు, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు. సబ్బు లేకపోతే నీటి పైపొర మీద చీమ నడిచి వెళ్ళిపోతుంది. కార్లలో పోసే ఇథిలీన్ గ్లైకాల్ వాడకూడదు, పశువులు తాగితే చస్తాయి. వాన భయముంటే పైన మూడు పుల్లల మీద పలక కప్పాలి.

నాలుగో రోజు: రాళ్ళ కింద, మాన్ల లోపల

కప్పులూ సంచులూ తమ పని చేసుకుంటుంటే చేతులకు ఖాళీ. ఈ రోజు గూళ్ళ కోసం.

2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తితలీ తుపాను గజపతి జిల్లా కొండల్ని చీల్చిపోయింది. ఆ ఏడు కూలిన మాన్లు మిగిలుంటే ఇప్పటికి గోరుతో గీస్తే పొడి రాలేంత కుళ్ళి ఉంటాయి. అలాంటి మానులో ఒక్క మూరలో మూడు నాలుగు జాతులు కాపురముంటాయి. అందుకే చీమ పక్కన చీమ ఉందని ఒకే సీసాలో వెయ్యకూడదు. గూడుకో సీసా. ఒక గూటి నుంచి 15, 20 పనిచీమలు, కనపడితే రాణి, రెక్కల మగ, అన్ని సైజులూ. రాయి ఎత్తితే చూసి మళ్ళీ అలాగే బోర్లించాలి.

ఒకే గూటి నుంచి ఇన్ని ఎందుకంటే, ఒంటి చీమ మోసం చేస్తుంది. ఫైడోలే అనే ప్రజాతిలో (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) ఒకే తల్లి పిల్లలు రెండు తీర్లు: మామూలువి, పెద్ద తలకాయవి. విడివిడిగా దొరికితే ఎంతటివాడైనా రెండు జాతులనే అంటాడు. కాంపొనోటస్‌లో, అంటే మన గండుచీమల్లో, చిన్నదానికీ పెద్దదానికీ మధ్య అన్ని మెట్లూ ఉంటాయి. అప్పుడే పట్టుగూడు విడిచిన పిల్ల చీమ రంగు పాలిపోయి ఉంటుంది, దాన్ని కొత్త రంగు జాతి అనుకోవడం సులువు. నులిపురుగు సోకిన చీమ పొట్ట ఉబ్బి, తల చిన్నబోయి వేరేగా కనిపిస్తుంది. అలాంటి రోగిష్టి చీమలకు పూర్వం వేరే పేర్లు కూడా పెట్టారు. డోరిలస్ అనే చీమలో మగదైతే మరీ అన్యాయం. రాత్రి దీపానికి వచ్చే ఆ లావుపాటి రెక్కల పురుగును లిన్నేయస్ 1764లో కందిరీగల్లో కలిపేశాడు.

డయాకమ్మా అనే చీమ గూటిలో రాణి కోసం తవ్వకండి, ఉండదు. పనిచీమల్లోనే ఒకటి గుడ్లు పెడుతుంది. కొత్తగా పట్టుగూడు విడిచిన ప్రతి పనిచీమకూ ఉరం (ఛాతీ భాగం) మీద రెండు బుడిపెలుంటాయి. పెద్దరికం చేసే చీమ మిగతావాటి బుడిపెలు కొరికేస్తుంది. అందుచేత బుడిపెలున్న చీమ ఒక జాతి, లేనిది ఇంకొకటి అని రాస్తే నవ్వులపాలే.

ఎండపొడ పడే గట్ల మీద పెద్ద కళ్ళు, పైకి వంగిన పొడుగు దవడలతో హార్పెగ్నాథస్ సాల్టేటర్ కనపడుతుంది. ఇదీ జెర్డాన్ పేరే. ఎగిరి దూకుతుంది, చిమటా చాలదు, గాజు గొట్టం మూత వెయ్యాలి.

ఇంకో మాట. చీమలు పెట్టిన పుట్టలో పాము చేరిందంటారు గానీ, ఈ అడవిలో నిలువెత్తు పుట్టలన్నీ చెదలు కట్టినవే. చెదపురుగు బొద్దింకకు చుట్టం, చీమ కందిరీగకు చుట్టం. అయినా పుట్ట గోడ తవ్వి చూడాలి. చెదల్ని దోచుకుతినే చీమలు ఆ గోడలోనే అద్దెకుంటాయి. చలిచీమ సంగతీ అంతే. ఊరూరా ఒక్కో చిన్న చీమను చలిచీమ అంటారు, పట్టి చూస్తే ఒకచోట మోనోమోరియం, ఇంకోచోట మరోటి.

అయిదో రోజు: దిగుడు

పొద్దున కప్పులు తీశారు. ఇరవైలో మూడింటిని ఏదో జంతువు పెకలించింది, ఒకటి వాననీటితో పొర్లింది. పోయిన కప్పును పోయినట్టే రాయాలి, పక్కదాన్ని రెండుసార్లు లెక్కపెట్టకూడదు. కప్పులో నీళ్ళను సన్నటి టీ వడపోతలో పోసి, మంచినీళ్ళతో ఒకసారి కడిగి స్పిరిట్‌లోకి మార్చాలి. సబ్బునీటిలోనే వదిలేస్తే రెండో రోజుకు కుళ్ళు వాసన.

48 గంటల గడువు తీరాక వింక్లర్ కప్పులు విప్పి పర్లాకిమిడి దారి పట్టడమే. సీసాలు నిలువుగా, నిండా స్పిరిట్‌తో ఉండాలి. సగం సీసాలో గాలి బుడగ ఘాట్ రోడ్డు కుదుపులకు చీమల మీసాలన్నీ విరిచేస్తుంది.

ఆరో రోజు: బల్ల

కొండ మీద దొరికేది చీమే. అది కొత్త జాతా కాదా అన్నది ఈ బల్ల దగ్గర తేలాలి. పాత పేర్లన్నీ ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోగా మిగిలితే అప్పుడు. 2016లో అచ్చయిన జాబితా ప్రకారం భారతదేశంలో చీమల జాతులు, ఉపజాతులు కలిపి 828, ప్రజాతులు 100. కొట్టేయాల్సిన పేర్లు ఇన్ని.

కనీసం 40 రెట్లు చూపే జంట కళ్ళ సూక్ష్మదర్శిని కావాలి. మొదటి చూపు నడుము మీద. ఉరానికీ పొట్టకూ మధ్య కణుపు ఒకటా, రెండా? రెండైతే ఎక్కువగా మిర్మిసినే అనే ఉపకుటుంబం (ప్రజాతుల పెద్ద గుంపు), సన్నగా పొడుగ్గా పెద్ద కళ్ళతో ఉంటే టెట్రాపొనేరా, కళ్ళే లేకపోతే ఈనిక్టస్ కూడా చూసుకోవాలి. కణుపు ఒకటే అయితే పొట్ట కొస తిప్పాలి. గుండ్రటి రంధ్రం, చాలావాటికి చుట్టూ వెంట్రుకల కుచ్చు ఉంటే ఫార్మిసినే. అడ్డంగా చీలిక ఉంటే డోలికోడెరినే. ముల్లు ఉండి, పొట్ట మొదటి, రెండో ఖండాల మధ్య నొక్కు ఉంటే పొనెరినే. స్పిరిట్‌లో పొట్ట ముడుచుకుపోతే రంధ్రం కనపడదు. కాసేపు నీళ్ళలో నానబెట్టి సూదితో నెమ్మదిగా నొక్కాలి.

తర్వాత మీసాల కణుపులు. తొందరపడేవాళ్ళు తప్పేది ఇక్కడే. సొలెనాప్సిస్‌కు పది, చివర రెండు కలిసి గద. ఫైడోలేకు సాధారణంగా పన్నెండు, చివర మూడు గద. మెరానోప్లస్‌కు తొమ్మిదే. గదకు ముందుండే కణుపులు ఆవగింజలో పదోవంతు, ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. రెండు మీసాలూ విడివిడిగా, ఇద్దరు మనుషులు లెక్కపెట్టి, అంకె కలిస్తేనే రాసుకోవాలి. క్రెమాటోగాస్టర్‌కు ఈ బాధ లేదు. రెండో కణుపు పొట్ట పైభాగాన అతుక్కుని ఉంటుంది, పొట్ట హృదయాకారం, పక్కనుంచి చూస్తే ఒక్క క్షణంలో పోల్చేయొచ్చు.

ప్రజాతి దాకా బోల్టన్ 1994 పుస్తకంలోని తాళంచెవి, అంటే గుర్తింపు పట్టిక, నడిపిస్తుంది. జాతి దగ్గరికొచ్చేసరికి బింగ్‌హామ్ 1903 సంపుటం ఇప్పటికీ పక్కన ఉండాల్సిందే. కానీ దాని తర్వాత పేర్లు చాలా మారాయి, కొన్ని ప్రజాతులే కలిసిపోయాయి. చీమల పేర్ల వెబ్‌సైటు యాంట్‌క్యాట్‌లో ఆ పేరు ఇవాళ చెల్లుతుందా అని చూసి, చీమల ఫొటోల వెబ్‌సైటు యాంట్‌వెబ్‌లో మూల నమూనా (పేరు పెట్టడానికి ఆధారమైన అసలు చీమ) ఫొటోతో పోల్చాకే ముందుకు. పాతతరం చీమల శాస్త్రవేత్తల్లో ఫోరెల్ పేర్లు పెట్టిన చీమలు జెనీవాలో, ఎమెరీవి జెనోవాలో ఉన్నాయి. ఫొటోలో కనపడని వెంట్రుక కోసం అక్కడికి ఉత్తరం రాయక తప్పదు.

ఏడో రోజు: కార్డు, కొలత, పేరు

సన్న త్రిభుజం కార్డు ముక్క, దాని మొన మీద నీళ్ళలో కరిగే జిగురు సూదిమొనంత. ఆ మొన చీమ కింద, నడిమి కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య తగలాలి. జిగురు ఎక్కువైతే నడుము కణుపు మునిగిపోతుంది, గుర్తింపుకు అసలు కావలసిందే అది. మూడో నంబరు సూది, దాని మీద కార్డు, కింద చీటీ: రాష్ట్రం, జిల్లా, చోటు, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, పద్ధతి, పట్టినవారి పేరు. నెల రోమన్ అంకెల్లో వేస్తే తేదీ, నెల తారుమారు కావు.

కొలతలు కనీసం పది పనిచీమలవి. తల పొడవు, తల వెడల్పు, మీసపు తొలి కణుపు పొడవు, కంటి పొడవు, ఉరం వాలు పొడవు. ఉదాహరణకు తల పొడవు 0.61 మి.మీ., వెడల్పు 0.52 అయితే తల సూచి, అంటే వెడల్పును పొడవుతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చేది, 85.2. మీసపు తొలి కణుపు 0.58 అయితే దాన్ని తల వెడల్పుతో భాగించి నూరుతో గుణిస్తే 111.5. తల కొంచెం ముందుకు వాలినా పొడవు తగ్గి సూచి పెరుగుతుంది. తల నుదురూ, దవడల అంచూ ఒకేసారి స్పష్టంగా కనిపించేలా వంచుకున్నాకే కొలవాలి.

డీఎన్ఏకు ఒక కాలు చాలు. మైటోకాండ్రియాలో ఉండే సీఓఐ అనే జన్యువులో 658 అక్షరాల ముక్క చదివిస్తారు. రెండు మూడు శాతం తేడా వచ్చిందని గంతులెయ్యక్కర్లేదు. వోల్బాకియా అనే బాక్టీరియా వల్లా, కేంద్రకంలోకి చేరిన నకలు ముక్కల వల్లా ఈ లెక్క తప్పుతుంది. రూపం, కొలత, జన్యువు మూడూ ఒకే మాట చెబితే నమ్మొచ్చు.

అప్పుడు పేరు. ఒకే ఒక్క చీమను మూల నమూనాగా నిర్ణయించాలి, మిగతావి తోడు నమూనాలు. ఏ పాత జాతికి దగ్గర, దానితో తేడా ఎక్కడ అన్నది ఒక పేరాలో తేల్చిచెప్పాలి. ఊరి పేరు పెడితే చివర ఎన్సిస్ గానీ ఎన్సె గానీ ప్రజాతి లింగాన్ని బట్టి వస్తుంది. ఇంటర్నెట్ పత్రికలో మాత్రమే అచ్చయితే జంతువుల పేర్ల రిజిస్టరైన జూబ్యాంక్‌లో నమోదు సంఖ్య ఉండాలి, లేకుంటే ఆ పేరు చెల్లదు. సొంత పేరు పెట్టుకోవద్దని నియమం లేదు, ఎవరూ చెయ్యరంతే.

ఈసారి సంచుల్లో కారెబారా ప్రజాతి చీమ ఒకటి పేరు తేలక మిగిలింది. పన్నెండో చోటు నుంచి వచ్చిన, మిల్లీమీటరు పొడవున్న పసుపు పనిచీమలు ఆరు. మీసాలకు తొమ్మిది కణుపులు, చివర రెండు గద. దగ్గరున్న ఏ వర్ణనకూ కుదరలేదు. అయితే ఈ ప్రజాతిలో చాలా పేర్లు పెద్ద తలకాయ చీమను చూసి పెట్టినవి, ఆ పెద్దది ఒక్కటీ పడలేదు. కాబట్టి చీటీ మీద రాసింది ‘కారెబారా జాతి 1’. మళ్ళీ వెళ్ళినప్పుడు జల్లెడ కాకుండా పలుగు తీసుకెళ్ళి, ఆ గీత మీద 120 మీటర్ల గుర్తు దగ్గర అడుగు లోతు మట్టి గడ్డలుగా లేపి తెల్ల ట్రేలో విరవాలి.